సంతకం పెట్టని రైతులు: నెబ్రాస్కాలో కీస్టోన్ పైపులైను కథ

(రైతుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. పైపులైన్ల మీద మాట్లాడమన్నారు అంటే ఓఎన్‌జీసీతోనో గెయిల్‌తోనో మొదలుపెడతానని అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే మీకే బాగా తెలుసు, మీ పొలాల కిందే ఉన్నాయి కదా. అందుకని ముందు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం ఉంది, అక్కడి రైతులు కీస్టోన్ ఎక్స్‌ఎల్ అనే చమురు పైపులైనుని పదేళ్ల పాటు అడ్డుకున్నారు, చివరికి ఆ లైను పడనే లేదు. అదెలా జరిగిందో చెప్పి ఆ తర్వాత మన చట్టం దగ్గరికి వద్దాం. ఎందుకంటే వాళ్ళు చేసింది విని, మనమూ అచ్చం అలాగే చేద్దాం అనుకుంటే బోర్లా పడతాం.

ముందు ఆ లైను సంగతి. కెనడాలో ఆల్బర్టా అనే చోట నేల కింద ఉండేది మనకు తెలిసిన పల్చటి ముడి చమురు కాదు, ఇసుకలో కలిసిపోయిన తారు. దాన్ని తవ్వి వేడి నీళ్లతో కడిగో, నేలలోకి ఆవిరి పంపి కరిగించో తీస్తారు. తీసింది తీసినట్టు పైపులో పెడితే అంగుళం కదలదు, అందుకని తేలికపాటి రసాయనాలు కలిపి పల్చన చేసి తోస్తారు. ట్రాన్స్‌కెనడా అనే కంపెనీ, 2019లో పేరు మార్చుకుని టీసీ ఎనర్జీ అయింది లెండి, 2008లో ఈ లైను ప్రతిపాదించింది. ఆల్బర్టాలోని హార్డిస్టీ దగ్గర మొదలై మోంటానా, సౌత్ డకోటా దాటి నెబ్రాస్కాలో స్టీల్ సిటీ అనే చిన్న ఊరి దాకా 1,179 మైళ్లు, అంటే దాదాపు 1,900 కిలోమీటర్లు. పైపు అడ్డం 36 అంగుళాలు, చిన్న పిల్లాడు వంగి లోపలికి నడిచిపోవచ్చు. రోజుకి 8,30,000 బ్యారెళ్లు, మన లెక్కలో 13 కోట్ల లీటర్లు. స్టీల్ సిటీ నుంచి వేరే లైన్లలో టెక్సస్ తీరంలో ఉన్న రిఫైనరీలకి పోవాలి. అదే కంపెనీ వేసిన కీస్టోన్ లైను ఒకటి, నెబ్రాస్కా తూర్పు వైపు నుంచి పోయేది, 2010లో పని మొదలుపెట్టింది. దాని మీద పెద్ద గొడవేమీ జరగలేదు. కంపెనీ వాళ్ళకి ఆ ధీమా ఉంది, ఒకటి వేశాం, రెండోది ఎంతసేపు అని.

రెండో లైనుకి వాళ్ళు గీసిన గీత శాండ్‌హిల్స్ మీదుగా పోయింది. తేడా అక్కడ వచ్చింది.

శాండ్‌హిల్స్ అంటే ఇసుక దిబ్బలు, వాటి మీద గడ్డి. అంతే. చూడ్డానికి ఎటు చూసినా పచ్చిక, మధ్యలో పశువులకి నీళ్లు తోడే గాలిమరలు. ఆ రాష్ట్రంలో మనుషులు సుమారు 20 లక్షలు, పశువులు సుమారు 60 లక్షలు. గడ్డి వేళ్లే ఆ ఇసుకని పట్టి ఉంచుతాయి, ఒక్కసారి గడ్డి తెగితే గాలి ఇసుకని తవ్వుకుంటూ పోతుంది, ఆ గొయ్యి మళ్ళీ పూడి పచ్చబడాలంటే ఏళ్లు పడుతుంది. అక్కడి పశుపోషకులు ట్రాక్టరు ఒకే దారిలో రెండుసార్లు తోలాలన్నా ఆలోచిస్తారు. ఇక ఆ ఇసుక కింద ఓగల్లాలా అనే భూగర్భ జలం. ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని ఉంటుంది, అందులో మందంగా ఉండేది నెబ్రాస్కా కిందే. పల్లపు బీళ్లలో కంచె రాటకి గొయ్యి తీస్తే అడుగున నీళ్లు ఊరతాయి. కోనసీమ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, మనకీ నాలుగడుగులు తవ్వితే నీళ్లే. ఆ పైపు మీద మట్టి కూడా సుమారు నాలుగడుగులే. అంటే చాలా చోట్ల పైపు నీళ్లలోనే పడుకుని ఉంటుందన్నమాట.

కంపెనీ ఇంజనీర్లు లీక్ కాదన్నారు, అయినా సెన్సర్లు ఉన్నాయి, నిమిషాల్లో మూసేస్తాం అన్నారు. సరిగ్గా అప్పుడే, 2010 జులైలో, మిషిగన్ రాష్ట్రంలో కాలమజూ నదిలోకి ఎన్‌బ్రిడ్జ్ అనే వేరే కంపెనీ లైను పగిలింది. ఇదే రకం తారు. కంట్రోల్ రూంలో అలారంలు మోగుతున్నాయి, కూర్చున్న వాళ్ళు లైనులో గాలి బుడగ ఏదో చేరిందనుకుని మళ్ళీ రెండుసార్లు పంపులు ఆన్ చేశారు. పగిలిన 17 గంటల తర్వాత గానీ ఆగలేదు, అదీ బయటి వాళ్ళు ఫోన్ చేసి చెప్తేనే. 20,000 బ్యారెళ్లు పోయింది. మామూలు చమురైతే నీటి మీద తేలుతుంది, అడ్డుకట్ట కట్టి తోడుకోవచ్చు. ఇందులో కలిపిన రసాయనాలు గాలిలో ఆవిరైపోయాక మిగిలిన తారు నది అడుగుకి దిగిపోయింది, దాన్ని తవ్వి తీయడానికి నాలుగేళ్లు, ఖర్చు వంద కోట్ల డాలర్ల పైన. నెబ్రాస్కా రైతు ఆ వార్త చదివి తన బీడు వంక చూసుకున్నాడు. నదిలో అయితే తవ్వారు, నా ఇసుకలో దిగిపోతే ఎవడు తవ్వుతాడు అని.

ఇదంతా నీళ్ల గొడవ. పర్యావరణం వాళ్ళు చెప్పేటప్పుడు ఇక్కడితో ఆపేస్తారు, నాకు అది నచ్చదు. అసలు కదిలించింది కాగితం. దాని గురించి కాస్త నిదానంగా చెప్తాను.

రైతు ఇంటికి కంపెనీ తరఫున ఒక ఏజెంటు వస్తాడు. మర్యాదస్తుడే, టీ తాగుతాడు, పిల్లల గురించి అడుగుతాడు. బల్ల మీద ఈజ్‌మెంట్ అగ్రిమెంటు పెడతాడు. భూమి మీదే, పట్టా మీదే, పన్ను కూడా మీరే కట్టుకోవాలి, మాకు 50 అడుగుల వెడల్పు స్ట్రిప్పు మీద హక్కు ఇస్తే చాలు అంటాడు, పని జరిగేటప్పుడు మాత్రం 110 అడుగులు కావాలి. డబ్బు ఒక్కసారే. హక్కు శాశ్వతం, మీ పిల్లల కాలానికీ వర్తిస్తుంది. ఆ స్ట్రిప్పు మీద ఇల్లు కట్టకూడదు, చెట్టు పెంచకూడదు. లైను ముసలిదై పనికిరాకుండా పోతే పైపుని అక్కడే నేలలో వదిలేసి పోవచ్చు. ఇక పెద్ద సందేహం ఒకటుంది, లీకై పక్కవాడి బావి పాడైతే ఎవరు కట్టాలి? ఫార్మ్ ఇన్సూరెన్స్ పాలసీలు చూసుకుంటే కాలుష్యం మా పరిధిలోకి రాదని రాసి ఉంటుంది. ఏజెంటుని అడిగితే, దాని గురించి మీకెందుకండీ టెన్షన్, కంపెనీ చూసుకుంటుంది అంటాడు. మరి ఆ మాట కాగితంలో రాయమంటే రాయడు.

2010 జులైలో రైతులకి ఉత్తరాలు వచ్చాయి, ఇదే చివరి రేటు, నెల రోజుల్లో ఒప్పుకోకపోతే చట్టప్రకారం తీసుకుంటాం అని. అప్పటికి ఆ లైనుకి అమెరికా ప్రభుత్వం అనుమతే ఇవ్వలేదు! సరిహద్దు దాటే పైపు కాబట్టి అధ్యక్షుడి పర్మిట్ కావాలి, అది చేతికి రాకముందే పరాయి దేశపు ప్రైవేటు కంపెనీ వచ్చి, నీ పొలం బలవంతంగా లాక్కుంటాను అంటోంది. ఇక్కడ ఒకటి గమనించాలి. వీళ్ళలో చాలామంది రిపబ్లికన్ ఓటర్లు, ఎర్రజెండా పట్టినవాళ్ళు కారు, ఊరేగింపుకి కూడా ఎప్పుడూ వెళ్లని వాళ్ళు. వాళ్ళకి కోపం వచ్చింది వాతావరణ మార్పు గురించి కాదు. మా తాత ఇక్కడ గుడిసె వేసుకుని సంపాదించిన భూమి, నా గేటులోకి వచ్చి నన్ను బెదిరిస్తావా అన్నది.

జేన్ క్లీబ్ అని ఒకావిడ 2010లో బోల్డ్ నెబ్రాస్కా అనే సంస్థ పెట్టారు, ఆవిడ తర్వాత ఆ రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీకి అధ్యక్షురాలు కూడా అయ్యారు. ఆవిడ తెలివి ఎక్కడుందంటే, ఊళ్ళోకి వెళ్లి ధృవపు ఎలుగుబంట్ల గురించి మాట్లాడలేదు. మీ నీళ్లు, మీ భూమి, మీ హక్కు, ఈ మూడే. ఊరి హాళ్ళలో భోజనాలు పెట్టి మీటింగులు. దాంతోపాటు లాయర్లు కలిసి భూయజమానుల కోసం ఒక వేదిక పెట్టారు, ఎవరికి వాళ్ళు విడిగా ఏజెంటుతో బేరం ఆడకండి, అందరి తరఫునా ఒకే లాయరు మాట్లాడతాడు అని. నా దృష్టిలో ఈ పోరాటంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే. ఏజెంటు ఆట మొత్తం దేని మీద నడుస్తుంది? మీ పక్కింటాయన సంతకం పెట్టేశాడండీ, మీరొక్కరే మిగిలారు, ఆలస్యమైతే రేటు తగ్గుతుంది. మన దగ్గరా ఇదే మాట కదా? (నవ్వులు) పక్కింటాయన నిజంగా పెట్టాడో లేదో అదే రోజు సాయంత్రం తెలిసిపోతే ఆ మాటకి విలువ ఉండదు.

అలాగని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారని చెప్పను, అది అబద్ధం. దారి పొడవునా ఎక్కువమంది సంతకం పెట్టారు. అప్పులున్నవాళ్ళు పెట్టారు, ముసలివాళ్ళు కోర్టుల చుట్టూ తిరగలేక పెట్టారు, మంచి రేటు అనుకుని ఇష్టంగా పెట్టినవాళ్ళూ ఉన్నారు, తప్పేముంది. కూలీల యూనియన్లు లైను కావాలన్నాయి, వాళ్ళకి పని దొరుకుతుంది మరి. ఉద్యోగాల లెక్క మాత్రం ఒకసారి చూడండి. అమెరికా విదేశాంగ శాఖే 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో, కట్టేటప్పుడు నేరుగానూ పరోక్షంగానూ కలిపి సుమారు 42,000 మందికి కొంతకాలం పని అని రాసింది. కట్టేశాక? సుమారు 50 మంది, అందులో శాశ్వత ఉద్యోగులు 35. టీవీల్లో మొదటి అంకెనే చూపించేవారు.

చివరిదాకా మొండికేసినవాళ్ళు నెబ్రాస్కాలో వంద కుటుంబాల చిల్లర. 1,900 కిలోమీటర్ల లైనుని ఆపడానికి అది చాలుతుందా అంటే, చాలింది. పైపు అన్నాక మధ్యలో ఒక పొలం వదిలేసి దూకలేదు కదా.

ఇప్పుడు కోర్టుల సంగతి, ఇది కాస్త మెలికల కథ. 2011 చివర్లో నెబ్రాస్కా శాసనసభ ప్రత్యేకంగా కూర్చుంది, గొడవ అంతలా పెరిగింది. కంపెనీ శాండ్‌హిల్స్ తప్పించి దారి మారుస్తామంది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ముందు కూర్చుని 1,253 మంది అరెస్టయ్యారు. 2012 జనవరిలో ఒబామా మొదటిసారి కాదన్నారు, కంపెనీ మళ్ళీ దరఖాస్తు పెట్టింది. 2012లోనే నెబ్రాస్కా సభ ఒక చట్టం చేసింది, దారి ఖరారు చేసే అధికారం గవర్నరుకి ఇస్తూ. గవర్నరు డేవ్ హైన్‌మన్ 2013 జనవరిలో సరే అన్నారు. కానీ చట్టం వచ్చిన 2012లోనే ముగ్గురు భూయజమానులు కోర్టుకెక్కారు. మా రాజ్యాంగం ప్రకారం ఇలాంటివి చూడాల్సింది ప్రజలు ఎన్నుకున్న పబ్లిక్ సర్వీస్ కమిషను, గవర్నరు కాదు అని. కింది కోర్టులో 2014 ఫిబ్రవరిలో గెలిచారు.

పై కోర్టుకి వెళ్లింది. నెబ్రాస్కా సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జిలు. 2015 జనవరి 9న తీర్పు. నలుగురు చట్టం చెల్లదన్నారు. ఏడుగురిలో నలుగురు అంటే గెలిచినట్టేగా? కాదు. ఆ రాష్ట్రంలో ఒక చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టెయ్యాలంటే ఐదుగురు కావాలి. మిగిలిన ముగ్గురు, ఈ రైతులకి ఈ కేసు వేసే అర్హతే లేదు, మేము అసలు విషయంలోకి వెళ్లం అన్నారు. దాంతో చట్టం నిలిచింది. మెజారిటీ జడ్జిలు మనవైపు ఉన్నా ఓడిపోవడం అంటే ఇది. అదే నెలలో కంపెనీ 90 మంది దాకా రైతుల మీద బలవంతపు సేకరణ కేసులు వేసింది.

మరి అక్కడితో అయిపోవాలి కదా? రైతుల లాయర్లు ఊరుకోలేదు, ఓడిన పాయింటుతోనే మళ్ళీ కొత్త కేసు వేశారు. అర్హత లేదన్నారు కదా, ఇప్పుడు మా మీద సేకరణ నోటీసులు వచ్చాయి, ఇప్పుడు అర్హత ఉందా లేదా చెప్పండి అని. దీనికి కంపెనీ దగ్గర జవాబు లేదు. 2015 సెప్టెంబరులో సేకరణ కేసులన్నీ తనే వెనక్కి తీసుకుని, మేము కమిషను దగ్గరికే వెళ్తాం అంది. అంటే రైతులు మొదట్నుంచీ అడుగుతున్నదే. ఆ తర్వాత నెల దాటగానే, నవంబరు 6న, ఒబామా పర్మిట్ తిరస్కరించారు. ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది, 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్న చమురు 2015 మొదట్లో యాభైకి దిగింది. మూడేళ్ల ముందే సంతకాలన్నీ పడిపోయి ఉంటే ధర మంచిగా ఉన్నప్పుడే లైను పడిపోయేది. వాళ్ళు గెలిచిన కేసుల కంటే ఓడిపోవడానికి పట్టించిన టైమే ఎక్కువ పని చేసింది, నా లెక్కలో.

ట్రంప్ వచ్చిన నాలుగో రోజే, 2017 జనవరి 24న, ఫైలు మళ్ళీ తెరిచారు. కమిషను విచారణ జరిగింది. ఓటింగు నవంబరు 20న. దానికి నాలుగు రోజుల ముందు, 16న, ఇదే కంపెనీ పాత కీస్టోన్ లైను సౌత్ డకోటాలో ఆమ్హర్స్ట్ దగ్గర పగిలింది. మొదటి అంచనాయే 5,000 బ్యారెళ్లు. ఇక ఖాయం, కమిషను కాదంటుంది అనుకున్నారు అందరూ. కానీ నెబ్రాస్కా చట్టంలో ఏముందో తెలుసా? పైపులైను దారి మంజూరు చేసేటప్పుడు కమిషను లీకుల ప్రమాదం గురించి ఆలోచించకూడదు! భద్రత కేంద్ర ప్రభుత్వం పరిధి, మీరు దారి మాత్రమే చూడండి అని రాసుంది. కళ్ళ ముందు పొలం నల్లగా మారిపోయి ఉంటే, దాన్ని చూడకుండా ఓటెయ్యాలి. వేశారు. ముగ్గురు అవును, ఇద్దరు కాదు. అయితే కంపెనీ అడిగిన దారి ఇవ్వలేదు, ఇంకో దారి ఇచ్చారు. దాంతో కొత్త దారిలో కొత్త రైతులు, మళ్ళీ మొదటి నుంచి ఏజెంట్లు, ఉత్తరాలు, కేసులు. 2018 నవంబరులో మోంటానాలో ఫెడరల్ కోర్టు పర్యావరణ సమీక్ష సరిగ్గా చెయ్యలేదని పనులు ఆపింది. 2019 ఆగస్టులో నెబ్రాస్కా సుప్రీంకోర్టు కొత్త దారి సరైనదే అంది, రైతులు మళ్ళీ ఓడారు.

ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది, అది కోర్టులో జరగలేదు.

ఆ భూమి ఈ తెల్ల రైతుల తాతలకి ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ పోంకా అనే ఆదివాసీ తెగ ఉండేది. 1877లో అమెరికా ప్రభుత్వం వాళ్ళని సైనికుల కాపలాలో నడిపించి ఓక్లహోమా వైపు తరిమేసింది. దారిలో, అక్కడికి చేరాక చాలామంది చచ్చిపోయారు. వాళ్ళ నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు కూడా పోయాడు, నన్ను మన ఊళ్ళోనే పూడ్చమని అడిగాడని తండ్రి ఎముకలు మోసుకుంటూ చలిలో వెనక్కి నడిచాడు. వచ్చినందుకు అరెస్టు చేశారు. 1879లో ఒమాహా కోర్టులో జడ్జి, ఆదివాసీ కూడా చట్టం దృష్టిలో మనిషే అని తీర్పు ఇచ్చాడు. మనిషే అని చెప్పడానికి కోర్టు కావాల్సి వచ్చింది, చూడండి. ఆ నడక దారి నెలీ అనే ఊరి దగ్గర ఒక రైతు దంపతుల పొలం మీదుగా పోతుంది. కీస్టోన్ ఎక్స్‌ఎల్ గీత కూడా అదే పొలం మీదుగా పోయింది.

2014లో ఆ దంపతులు పోంకా వాళ్ళని పిలిచారు. వాళ్ళు కాపాడుకుంటూ వచ్చిన ఎర్ర మొక్కజొన్న విత్తనాలు, పైపులైను పడాల్సిన చోటే చేత్తో నాటారు. రెండు వైపుల వాళ్ళూ కలిసి. 137 ఏళ్ల తర్వాత ఆ నేలలో ఆ విత్తనం. అప్పటికే కౌబాయ్ ఇండియన్ అలయన్స్ అని ఒకటి పెట్టుకున్నారు, ఇండియన్ అంటే అక్కడ ఆదివాసీ, ఆ ఏప్రిల్‌లో వాషింగ్టన్ వెళ్లి గుర్రాల మీద ఊరేగి, నేషనల్ మాల్ అనే పెద్ద మైదానంలో గుడారాలు వేశారు. సినిమాల్లో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఇద్దరూ పక్కపక్కన. 2018లో ఆ దంపతులు ఇంకో అడుగు వేశారు, మొక్కజొన్న నాటిన ఎకరంన్నర పైచిలుకు చెక్కని పోంకా తెగ పేరు మీద రాసేశారు. మీరు అనొచ్చు, ఇది లాయరు ఎత్తుగడ అని, ఒక తెగ భూమిని లాక్కోవడం కంపెనీకి ఇంకా కష్టం కాబట్టి. అది కూడా ఉంది, ఎందుకు ఉండకూడదు? మనూళ్ళో గట్టు దగ్గర జానెడు జరిగితే అన్నదమ్ములు కొడవళ్లు తీస్తారు, అలాంటిది రాసిచ్చాడు, దాన్ని ఎత్తుగడ అని కొట్టిపారేయలేను.

టెక్సస్ సంగతి చెప్పకపోతే ఇది అరకొర కథ. దక్షిణం ముక్క, ఓక్లహోమాలోని కుషింగ్ నుంచి తీరం దాకా, సరిహద్దు దాటదు కాబట్టి అధ్యక్షుడి పర్మిట్ అక్కర్లేదు. అక్కడ పైపులైను కంపెనీ తాను అందరి సరుకూ మోసే ప్రజా రవాణాదారుని అని ఒక ఫారంలో గడిలో టిక్కు పెట్టుకుని భూసేకరణ అధికారం తెచ్చుకునేది. 2012లో రైతులూ కుర్రాళ్ళూ చెట్లెక్కి కూర్చున్నారు, యంత్రాలకి గొలుసులు కట్టుకున్నారు, అరెస్టయ్యారు. అయినా 2014 జనవరిలో ఆ ముక్కలో చమురు పారింది. ధైర్యంలో టెక్సస్ వాళ్ళు ఏం తక్కువ? వాళ్ళ చట్టం వేరు, నెబ్రాస్కా చట్టం వేరు.

ఇక ముగింపు. 2021 జనవరి 20న బైడెన్ కుర్చీ ఎక్కిన రోజే పర్మిట్ రద్దు చేశారు. జూన్ 9న కంపెనీ ఇక వెయ్యం అని ప్రకటించింది. ఆల్బర్టా ప్రభుత్వం ఏడాది ముందే జనం డబ్బు వంద కోట్ల కెనడా డాలర్ల పైన అందులో పెట్టి ఉంది, అది మునిగింది. మొదట వేసిన కీస్టోన్ లైను మాత్రం నడుస్తూనే ఉంది, 2022 డిసెంబరులో కాన్సస్‌లో పగిలి సుమారు 13,000 బ్యారెళ్లు ఒక వాగులోకి వదిలింది. దాని మీద పైన చెప్పినంత గొడవ జరగలేదు, అన్ని అనుమతులూ ఉన్నాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో, మామిడికుదురు మండలం నగరంలో, ఇళ్ల పక్కనుంచి పోయే గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. మీలో కొందరు ఆ పొగ చూసినవాళ్ళే, నేను వర్ణించక్కర్లేదు. ఆ తర్వాత ఎన్ని మీటింగుల్లో విన్నానో, మేము సంతకం పెట్టం, చూద్దాం ఎలా వేస్తారో అని. అందుకే ఇందాక బోర్లా పడతాం అన్నాను. మన దేశంలో పైపులైనుకి మీ సంతకం అవసరమే లేదు.

1962లో పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం మూడో సెక్షన్ కింద గెజిట్‌లో ఫలానా సర్వే నంబర్లలో వినియోగ హక్కు తీసుకోబోతున్నాం అని ప్రకటిస్తుంది. ఆ నోటిఫికేషన్ కాపీలు జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజులు, ఆ లోపల మీరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. అభ్యంతరం ఇచ్చినవాళ్ళ వాదన అధికారి వినాలి. ఆ తర్వాత ఆరో సెక్షన్ కింద డిక్లరేషన్ ఇస్తే హక్కు ప్రభుత్వానికి వెళ్ళిపోతుంది, అక్కడి నుంచి కంపెనీకి. మీరు ఒప్పుకున్నారా లేదా అన్న ప్రశ్నే రాదు. పరిహారం, ఆ హక్కు తీసుకున్నందుకు, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. పంట, చెట్లు పాడైతే దానికి వేరే. పట్టా మీ పేరు మీదే ఉంటుంది, కానీ తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఆ స్ట్రిప్పులో ఇల్లు, బావి, చెరువు, చెట్టు ఏదీ కుదరదు. కొబ్బరి తోటకి చెట్టు వద్దంటే ఇంక మిగిలేదేంటి?

కాబట్టి మనకి ఉన్నది ఆ 21 రోజులే. ఆ ప్రకటన పేపర్లో ఏ మూలో చిన్న అక్షరాల్లో వస్తుంది, మనం సినిమా పేజీ చూసి మడిచేస్తాం. సర్వే రాళ్లు పాతేటప్పుడు కళ్ళు తెరుస్తాం, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. అభ్యంతరంలో ఏం రాయాలి? పైపులైను వద్దు, మా పొట్ట కొట్టకండి అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఏడో సెక్షన్ చూడండి, నోటిఫికేషన్‌కి ముందే నివాసానికి వాడుతున్న భూమి కింద, శాశ్వత కట్టడం ఉన్న చోట, ఇంటికి ఆనుకున్న స్థలంలో లైను వెయ్యకూడదు, మీటరు కంటే తక్కువ లోతులో వెయ్యకూడదు. మీ సర్వే నంబరులో ఇవి ఉంటే ఫోటో, పంచాయతీ ఇంటి పన్ను రశీదు జతచేసి అదే రాయండి. దారి మార్చమని అడిగితే ఏ దారికి మార్చాలో గీసి ఇవ్వండి. పరిహారం తక్కువనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళే హక్కు పదో సెక్షన్‌లో ఉంది, వాడుకునేవాళ్ళు చాలా తక్కువ.

అక్కడ వెనకాల ఒకాయన చెయ్యి ఎత్తారు. చెప్పండి బాబాయ్. (ప్రశ్న: నాకు సెంటు భూమి లేదు, కౌలుకి చేస్తున్నాను, ఇదంతా విని నాకేం ఉపయోగం?) మంచి ప్రశ్న, నేను ముందే చెప్పాల్సింది. చట్టం ప్రకారం ఆ భూమితో సంబంధం ఉండి నష్టపోయిన ఏ వ్యక్తి అయినా పరిహారం అడగొచ్చు, యజమాని మాత్రమే అని లేదు. పంట మీది కాబట్టి పంట నష్టం మీకే రావాలి. రుజువు కావాలి, చిక్కు అదొక్కటే. మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కార్డులు ఇస్తామన్నారు, ఆ కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం చెయ్యాలి. పెట్టాడా మీ ఆసామి? (పెట్టలేదు.) పెట్టడు, భూమి పోతుందని భయం. అందుకని కార్డు లేకపోయినా, ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు ఉంచుకోండి, అభ్యంతరం కాగితం మీద యజమాని పేరుతో పాటు మీ పేరు కూడా సాగుదారు అని రాయించండి, లైను తవ్వే ముందు వీఆర్వో చేత పంట ఎంత ఉందో రాయించుకోండి. వీఆర్వో రానంటే ఊళ్ళో పదిమంది ముందు ఫోన్లో వీడియో తియ్యండి, తేదీ పడేట్టు.